కాగితాలు లేనివాడి కిడ్నీ

ప్రశ్న: మా ఊరి తెలుగు రెస్టారెంటులో గిన్నెలు తోమే ఒకాయనకి వీసా గడువు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు కిడ్నీలు పాడయ్యాయి. అందరం చందాలు వేసుకుంటున్నాం. మావారు మాత్రం "ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాం, నెలనెలా ఇన్సూరెన్సు కడుతున్నాం. దొంగచాటుగా ఉన్నవాడికీ మనకీ ఒకే వైద్యమా? ఇదేం సమానత్వం?" అంటున్నారు. ఏం చెప్పను?
– ఓ పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, మీవారి కోపమంతా ఆ లైను మీద. అది అన్యాయమైన లైనే, ఒప్పుకుంటాను. కానీ ఈయనకి వైద్యం ఆపేస్తే అది ఒక్క అడుగైనా ముందుకు జరుగుతుందా?

"ఒకే వైద్యం" అన్నదీ నిజం కాదు. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని ఆస్పత్రి చూడాలి, ప్రాణం కుదుటపడేలా చెయ్యాలి. అంతవరకే. బిల్లు తర్వాత ఇంటికొస్తుంది. 2010 నాటి ఇన్సూరెన్సు చట్టం ఒబామాకేర్‌లోనైతే కాగితాలు లేనివాళ్లు సొంత డబ్బు పెట్టినా ప్రభుత్వ మార్కెట్‌లో పాలసీ కొనలేరు. ఇక డయాలసిస్. మామూలుగా వారానికి మూడుసార్లు చేస్తారు. కొన్ని రాష్ట్రాల్లో వీళ్లకి మాత్రం పొటాషియం పెరిగి, ఊపిరాడక ఎమర్జెన్సీకి వస్తేనే చేసేది. అంటే ప్రతిసారీ చావు దాకా వెళ్లి రావాలి. పైగా ఆ పద్ధతికే ఖర్చెక్కువ! కొలరాడో 2019లో దాన్ని మార్చుకుంది.

ఫిలాసఫీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇద్దరి పేర్లయినా ఎత్తకపోతే నాకు తోచదు. ఎవర్ని రానివ్వాలన్నది దేశం ఇష్టమే అంటాడు మైకేల్ వాల్జర్. కానీ పని చేయించుకుంటూ మనిషిని ఎప్పటికీ బయటివాడిగానే ఉంచడం, పాత ఏథెన్స్‌లో మెటిక్‌లని (పౌరసత్వం లేకుండా అక్కడే బతికిన పరాయివాళ్లని) ఉంచినట్టు, దౌర్జన్యమే అంటాడు. జోసెఫ్ కారెన్స్ ఇంకో అడుగు వేశాడు. వీసా తనిఖీకీ ఆస్పత్రికీ మధ్య గోడ ఉండాలి, ఆస్పత్రిలో చెప్పింది వీసా అధికారులకి చేరకూడదు అన్నాడు. నా ఓటు ఆయనకే. పంపించెయ్యాలనుకుంటే దానికి కోర్టులున్నాయి, ఆ పని డాక్టరుది కాదు.

మాది కరీంనగర్. గల్ఫ్ వెళ్లి, కంపెనీ వదిలి బయటపడ్డవాళ్లని ఇక్కడ ఖల్లివల్లి అంటాం. ఆస్పత్రికెళ్తే దొరికిపోతామని రోగాన్ని రూములోనే భరిస్తారు. 2020 మార్చిలో సౌదీ రాజు కరోనా వైద్యం ఇకామా (అక్కడ ఉండేందుకిచ్చే పర్మిట్) లేనివాళ్లకీ ఉచితమన్నప్పుడు, "దొంగచాటుగా ఉన్నవాళ్లకెందుకు" అన్నమాట మా జిల్లాలో ఒక్కరి నోటా నేను వినలేదు. మీవారికి గల్ఫ్‌లో చుట్టాలుంటే ఈ సంగతి కదిపి చూడండి.

చందా సంగతి సరే, ముందు ఆయన్ని ఆస్పత్రిలో బిల్లులు చూసే కౌంటరుకి పంపండి. న్యూజెర్సీలో ఆదాయం తక్కువున్న వాళ్లకి చారిటీ కేర్ అని ఉంది. వీసా కాగితాలు లేకపోయినా అప్లై చేసుకోవచ్చు, ఆదాయం రుజువులాంటివి మాత్రం అడుగుతారు. ఆయనకి ఇంగ్లిష్ రాకపోతే తోడు వెళ్లండి.