పది నెలలుగా మీరు వెళ్ళని ఇల్లు ఒకటుంది

ప్రశ్న: నా వయసు 32. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి జనగామ వైపు పల్లెల్లో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలను కలవడం, కాగితాలు పెట్టించడం, ధైర్యం చెప్పడం నా పని. ఈ మధ్య నా వల్ల కావడం లేదు. పోయిన నెల ఒకామె, చనిపోయిన భర్త ఫోన్‌కి రోజూ చార్జింగ్ పెడుతున్నానని చెబితే అక్కడే ఏడ్చేసి, తెలంగాణ ప్రభుత్వ రైతుబీమా ఫారం నింపకుండానే వచ్చేశాను. 'ప్రొఫెషనల్‌గా ఉండాలి' అన్నారు మా సార్. మా నాన్న పోయి పది నెలలైంది. పదోరోజు అమ్మ గాజులు తీయించొద్దని అడ్డుపడితే, 'పెళ్ళయి వెళ్ళినదానివి, ఇది మా ఇంటి సంగతి' అని అమ్మే అందరి ముందు అంది. అప్పట్నుంచి ఆ గడప తొక్కలేదు. నాన్న చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయని తమ్ముడు చెప్పాడు. అది వేరే విషయం. దుఃఖంలో ఉన్నవాళ్ళతో ఏం మాట్లాడాలి? ఏడుపు రాకుండా ఏం చేయాలి?

జవాబు: భర్త పోయిన మనిషికి చెప్పడానికి మంచి మాటంటూ ఏదీ లేదమ్మా. 'పిల్లల కోసమైనా బతకాలి' అని ఊరంతా ఈపాటికి చెప్పే ఉంటుంది. పక్కన కూర్చుని ఆయన గురించి అడగండి చాలు, ఆమే చెబుతుంది. మీ కళ్ళు చెమర్చినా తప్పులేదు. ఫారం నింపకుండా రావడం మాత్రం తప్పే. రైతుబీమా ఐదు లక్షలు చావు ఎలా వచ్చినా ఇస్తారు గానీ వయసు 18 నుంచి 59 లోపు ఉండాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ, నామినీ పేరు సరిచూసే మనిషి ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు? ఎవరైనా 'నేనూ పోతాను' అంటే ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి మీరే ఫోన్ కలిపి ఇవ్వండి.

ఇక మీరు 'వేరే విషయం' అని పక్కన పెట్టింది నాకు వేరేగా కనిపించడం లేదు. ఆమె ఫోన్‌కి చార్జింగ్ పెడుతోంది. మీ అమ్మ చెప్పులు తీయడం లేదు. ఆ ఇంట్లో మీకు కనిపించింది మీ ఇల్లే. ఊళ్ళో భర్త పోయిన ఆడవాళ్ళందరి దగ్గరా కూర్చుంటున్నారు, ఒక్క మీ అమ్మ దగ్గర తప్ప.

గాజుల విషయంలో మీరు చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. ఆ ఆచారం ఎప్పుడో పోవాల్సింది. క్షమాపణ అడగమని నేను చచ్చినా అనను. కానీ ముందు రోజు రాత్రి అమ్మ పక్కన పడుకుని, 'నీకేం కావాలమ్మా' అని అడిగారా? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. మీరొక వైపు, మేనత్తలు, కులపెద్దలు ఒక వైపు. మీరు మర్నాడు బస్సెక్కుతారు. ఆవిడ ఆ ఊళ్ళో, ఆ మనుషుల మధ్యే బతకాలి. ఎవరి వైపు మాట్లాడుతుంది? అదే మాట మీరు చూసే కుటుంబాల్లో ఎవరన్నా అని ఉంటే, 'పాపం, పదోరోజు' అనుకుని మర్నాడే మళ్ళీ వెళ్ళేవారు. కన్నతల్లి అనేసరికి పది నెలలైంది. ఇంకా వెళ్ళలేదు.

సంవత్సరీకానికి వెళ్దామనుకుంటున్నారేమో, వద్దు. ఆరోజు ఇల్లంతా చుట్టాలుంటారు, మళ్ళీ అదే పంచాయితీ. ఈ ఆదివారం ఒక్కరే వెళ్ళి రాత్రికి ఉండండి. గాజుల సంగతి మీరు ఎత్తొద్దు. ఆవిడే ఎత్తితే మాత్రం 'ఆరోజు నువ్వన్న మాటకి చాలా బాధపడ్డానమ్మా' అని చెప్పండి, మింగేయకండి. గుమ్మం దగ్గర చెప్పులు ఉంటాయి. తీయమనొద్దు, ఉంచమనొద్దు. అక్కడ ఏడుపొస్తే ఆపుకోవద్దు.

అంతకంటే ముందు, శనివారం లోపు, ఆ ఫోన్ ఉన్న ఇంటికి వెళ్ళి ఫారం నింపి రండి.