ఫిల్మ్ కాలేజీ చెప్పే ‘మా విద్యార్థుల విజయాలు’ ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: ఒడిశా–ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో ప్లస్ టూ చదువుతున్న మా అమ్మాయి సినిమా కోర్సు చేస్తానంటోంది. బ్రోచర్లలో అవార్డులు చూసి కాలేజీ ఎంచుకోవచ్చా?

జవాబు: ముందు చదువుకుంటూ తీసిన సినిమాలనూ, బయటికొచ్చాక సాధించినవాటినీ విడదీయండి. కాలేజీ ఏం నేర్పిందో మొదటివే చెబుతాయి.

పుణె ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా)నే తీసుకోండి. చిదానంద నాయక్ అక్కడ ఏడాది టెలివిజన్ కోర్సు చివర్లో తీసిన కన్నడ లఘుచిత్రం 2024లో కేన్స్ చిత్రోత్సవంలోని ‘లా సినెఫ్’ విభాగంలో మొదటి బహుమతి గెలిచింది. అది ఫిల్మ్ స్కూళ్ల విద్యార్థులకే పెట్టిన పోటీ. ఇంటి భాషలో తీయడం దానికి అడ్డు రాలేదు. మన సరిహద్దు పిల్లలు గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఇది. అక్కడే చదివిన దర్శకురాలు పాయల్ కపాడియా విద్యార్థి చిత్రం 2017లో ఆ విభాగానికే ఎంపికైంది. ఆమెకు గ్రాండ్ ప్రి (కేన్స్‌లో రెండో పెద్ద బహుమతి) వచ్చింది చదువు అయ్యాక 2024లో, ప్రధాన పోటీలో. ఎంపిక వేరు, బహుమతి వేరు. బ్రోచర్లు ఈ రెండింటినీ కలిపేస్తాయి.

అందుకని ప్రతి పేరు పక్కన సంవత్సరం, విభాగం, ఆ విద్యార్థి చేసిన పని (దర్శకత్వమా, ఎడిటింగా, సౌండా) ఉన్నాయేమో చూసి, ఫెస్టివల్ సొంత వెబ్‌సైట్‌లో సరిపోల్చుకోండి. నెలనెలా ఆన్‌లైన్‌లో అవార్డులు పంచే ఫెస్టివల్స్ చాలావాటికి ఎంట్రీ ఫీజే ఆదాయం; వాటిని లెక్కలోంచి తీసేయండి.

మీ రాష్ట్రంలోనే కటక్‌లో బిజూ పట్నాయక్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఏ కాలేజీకి వెళ్లినా గత రెండు మూడు బ్యాచ్‌ల డిప్లొమా సినిమాలు (కోర్సు చివర్లో విద్యార్థులు తీసేవి) చూపించమనండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి: షాట్ మారినప్పుడల్లా వెనక శబ్దం తెగిపోతుంటే ప్రాక్టీస్ చాలలేదని అర్థం.

పుణెలో చాలా కోర్సులకు డిగ్రీ ఉండాలి, కాబట్టి అమ్మాయిని ముందు డిగ్రీలో చేర్పించండి.