నోడ్‌లు చూసుకోవడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ పూర్తిచేసి, ఒక సంస్థ క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) నిర్వహణ బృందంలో చేరింది. ఏ నోడ్ (ఆ గుంపులోని ఒక్కో కంప్యూటర్) పనిచేస్తోంది, ఏది పడిపోయింది అని చూడటమే పనట. తోటివాళ్లంతా ఏఐలోకి వెళ్తున్నారు. ఈ కాపలా ఉద్యోగం మానిపించి ఏఐ కోర్సులో చేర్చాలా? రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, ఇంత రాశారు గానీ ఆ పని అమ్మాయికి నచ్చిందో లేదో ఒక్క మాటైనా రాయలేదు. నలుగురూ అడిగితే ఏమని చెప్పుకోవాలన్నదే మీ బెంగలా ఉంది. ఆ బెంగ తీర్చడానికి ఆమె ఉద్యోగం మానాలా?

అది కాపలా కాదు. పూర్తిగా ఆగిపోయిన నోడ్‌ను పట్టుకోవడం తేలికే. క్లస్టర్లను నడిపే కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి నోడ్ మామూలుగా 10 సెకన్లకోసారి తన ఉనికిని తెలియజేస్తుంది. అది ఆగితే వ్యవస్థే గుర్తిస్తుంది. చిక్కంతా సగం పాడైన నోడ్‌తోనే. పింగ్ చేస్తే (ఉన్నావా అని సంకేతం పంపితే) పలుకుతుంది, లోపల డిస్కు రాతకు ఒప్పుకోదు, లేదా ఒక జీపీయూ (భారీ లెక్కలు చేసే చిప్) కనబడదు. దానికి పంపిన జాబ్ (చేయమని అప్పగించిన లెక్క) క్షణాల్లో విఫలమవుతుంది, నోడ్ మళ్లీ ఖాళీగా కనిపించి ఇంకో జాబ్‌ను లాక్కుంటుంది. చూస్తుండగానే క్యూ మొత్తం పాడవుతుంది. అలాంటిదాన్ని ముందే పసిగట్టి డ్రెయిన్‌లో పెట్టే, అంటే దానికి కొత్త జాబ్‌లు వెళ్లకుండా ఆపే, తనిఖీ ప్రోగ్రామ్ రాయాలి. ఆ తనిఖీ బరువెక్కితే అసలు లెక్కలే నెమ్మదిస్తాయి. ఎంత చూడాలి, ఎప్పుడు చూడాలి అన్నది అనుభవంతో వచ్చే విచక్షణ.

మీరు మోజుపడే ఏఐ కూడా దీనిమీదే నిలబడింది. లామా 3 అనే తన ఏఐ మోడల్ శిక్షణలో 16,384 జీపీయూలు వాడితే, 54 రోజుల్లో 419 అనుకోని అంతరాయాలు వచ్చాయని మెటా 2024లో వెల్లడించింది. ఎక్కువ భాగం హార్డ్‌వేర్ వల్లే. మనుషులు గట్టిగా కలగజేసుకోవలసి వచ్చింది మాత్రం మూడుసార్లే. మిగతావి చక్కదిద్దిన ఆటోమేషన్‌ను ఎవరో రాశారు కదా! మీ అమ్మాయి నేర్చుకోవలసింది అదే. చెప్పినప్పుడల్లా రీస్టార్ట్ చేయడంతోనే సరిపెట్టుకుంటే ఆ పని నిలవదు. స్క్రిప్టులు, లైనక్స్ లోతుపాతులు, నెట్‌వర్కింగ్ పట్టుకోవాలి.

ఇక కొద్ది నెలల్లో ఏఐ ఇంజనీరును చేస్తామనే కోర్సులు. నాకు వాటిమీద నమ్మకం లేదు. సిద్ధంగా ఉన్న లైబ్రరీతో, శుభ్రం చేసిపెట్టిన డేటాతో మోడల్ నడిపించి పంపిస్తారు. అది ఎందుకు తప్పు చెబుతోందని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలదు. అందుకు కావలసిన గణితం, సంఖ్యాశాస్త్రం కొద్ది నెలల్లో ఒంటబట్టేవి కావు. వాటిమీద ఆమెకే ఇష్టముంటే ఉద్యోగం చేస్తూనే మొదలుపెట్టవచ్చు, క్లస్టర్ ఎలాగూ చేతిలోనే ఉంది.

రాత్రివేళ అలారం మోగితే లేవాల్సిన వంతు ఎన్నాళ్లకోసారి వస్తుందో, మర్నాడు విశ్రాంతి ఇస్తారో లేదో బృంద నాయకుణ్ణి అడగమనండి. తండ్రిగా మీరు పట్టించుకోవలసింది ఆమె నిద్ర గురించి.