రోమన్ చరిత్ర చదువుకి ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: గుంటూరులో గవర్నమెంట్ టీచర్ని, వయసు 56. మా అమ్మాయి హిస్టరీ ఎంఏ చేసింది, తొలినాటి క్రైస్తవం, రోమన్ చక్రవర్తుల అధికారం మీద రీసెర్చ్ చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. ఇంగ్లండ్‌లో ఏడాది మాస్టర్స్‌కి సీటొచ్చింది, స్కాలర్‌షిప్ రాలేదు. అంతా కలిపి 40 లక్షలు. ఇల్లు తాకట్టు పెట్టమంటారా?

జవాబు: నమస్తే మాస్టారూ. ఇంటి జోలికి వెళ్లొద్దండి. అమ్మాయిని ఆపమని కాదు. 40 లక్షలు 10.5 శాతానికి 15 ఏళ్లకి తీసుకుంటే ఈఎంఐ నెలకి 44 వేల పైచిలుకు, మొత్తం కట్టేది 79 లక్షలు దాటుతుంది, మీ సర్వీసేమో ఇంకో 6 ఏళ్లు, మిగతా 9 ఏళ్లు పెన్షన్లోంచే కట్టుకోవాలి. పోనీ కోర్సవగానే జీతమొస్తుందా అంటే ఈ లైన్లో మాస్టర్స్ తర్వాత పీహెచ్‌డీ, ఆ తర్వాత ఏడాదీ రెండేళ్ల టెంపరరీ పోస్టులు, పర్మనెంట్ ఉద్యోగం 35 దాటాక వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

అమెరికాలో మంచి యూనివర్సిటీల్లో ఈ సబ్జెక్టు పీహెచ్‌డీకి ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా 5 ఏళ్లు స్టైపెండ్ ఇస్తారు. అంటే ఈ చదువుకి డబ్బు పెట్టాల్సింది వాళ్లు, మీరు కాదు. వియన్నాలో సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీ వాళ్లు కూడా ఆ రోమన్ కాలపు చరిత్ర మాస్టర్స్‌కి స్కాలర్‌షిప్‌లిస్తారు, అదీ చూడమనండి.

మరి సీటెలా వస్తుందంటే, భాషలండీ. క్రీ.శ. 390లో గ్రీసులోని థెస్సలొనికాలో జనాన్ని ఊచకోత కోయించినందుకు రోమన్ చక్రవర్తి థియోడోసియస్ అంతటివాడి చేత మిలాన్ బిషప్ అంబ్రోస్ పశ్చాత్తాపం చేయించాడు కదా, అంబ్రోస్ ఆయనకి రాసిన ఉత్తరం లాటిన్‌లో ఉంది. రోమన్ సామ్రాజ్యపు తూర్పు సంగతులు గ్రీకులో, సిరియాక్‌లో (అక్కడి క్రైస్తవుల పాత భాష) ఉంటాయి. ఇంగ్లిష్ అనువాదాలు చదివి వచ్చిన పిల్లల్ని పీహెచ్‌డీకి తీసుకోవడం కష్టం. సిరియాక్ నేర్చుకోడానికి లండన్ దాకా ఎందుకు, కేరళలో కొట్టాయంలో సీరి అని సంస్థ ఉంది, ఆ భాష నేర్పడమే వాళ్ల పని, మన శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంటూరు నుంచి నేరుగా దిగొచ్చు.

కాబట్టి ఈ సీటు వదిలేసి రెండేళ్లకి ఒక 4 లక్షలు పక్కన పెట్టండి, భాషలకి, పుస్తకాలకి, అప్లికేషన్లకి (ఒక్కోదానికి దగ్గర దగ్గర 100 డాలర్లు గుంజుతారు). ఎఫ్‌డీలోనే ఉంచండి, రెండేళ్ల డబ్బు షేర్లలో పెట్టకూడదు. ఇంకో మాట, రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కొట్టించిన బంగారు నాణెం 700 ఏళ్లు దాదాపు అదే బరువుతో నడిచిందట, మన రూపాయికి పౌండు ముందు అంత సీను లేదు, రూపాయల్లో అప్పుచేసి పౌండ్లలో ఫీజు కట్టేవాళ్లకి ఆ దెబ్బ తెలుసు.

ముందు కొట్టాయంలో ఫీజు, హాస్టల్ ఎంతవుతుందో అమ్మాయిని కనుక్కుని రాయమనండి, మీ పీఎఫ్ బ్యాలెన్స్ కూడా పంపితే మిగతా లెక్క వేసి చెప్తా.