పైకం చేతికి చేరేదాకా చూడు, అమ్మలూ

చి. అమ్మలుకి అత్తయ్య ఆశీస్సులు.

విడవలూరు మండలంలో వెల్ఫేర్ అసిస్టెంటుగా చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. రచ్చబండ దగ్గర నలుగురూ చేరి "ప్రభుత్వం పథకాల డబ్బు పప్పుబెల్లాల్లా పంచుతోంది, అంతా బ్రాందీ షాపుకే పోతోంది" అంటుంటే ఏం చెప్పాలో తెలీక టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పాడు. పేదరిక నిర్మూలన పథకం వెలుగులో సీసీగా, అంటే కమ్యూనిటీ కోఆర్డినేటరుగా, వింజమూరు, కలిగిరి వైపు పొదుపు సంఘాలతో పనిచేసినదాన్ని కదా, నాకు తెలిసింది రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు.

డబ్బు చేతికొచ్చాక దేంతో ఏం కొన్నారని ఆరా తీయకు. అది వాళ్ల సంసారం. ఆ డబ్బు పూర్తిగా అందిందా, అందాల్సిన మనిషికే అందిందా, అవసరమైన నెలలో అందిందా అని మాత్రం చూడు. అంతా దీంట్లోనే ఉంది.

తాగుడు మాట ముందు తేల్చేద్దాం. మనది సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన దూబగుంట ఉన్న నెల్లూరు జిల్లా. 1992లో సారా కొట్లు మూయించింది కూలికెళ్లే ఆడవాళ్లే. ఇంటికి రావాల్సిన కూలి డబ్బు దారిలోనే సారాకి పోతోందనే రోడ్డెక్కారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. ఆ తర్వాత మన జిల్లాలోనే రోజుకో రూపాయి చొప్పున దాచి పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు. అలాంటి ఆడవాళ్లకి డబ్బు దాచుకోవడం తెలీదని ఎవరైనా అంటే నాకు కడుపు మండుతుంది. ప్రపంచ బ్యాంకు తరఫున ఇవాన్స్, పపోవా అనే ఇద్దరు 2014లో చాలా దేశాల అధ్యయనాలు కూడగట్టి చూశారు. పేదల చేతికి డబ్బిస్తే మందు, పొగాకు ఖర్చు పెరిగిన దాఖలా వాళ్లకి కనబడలేదు. మధ్యప్రదేశ్‌లో 2011 నుంచి 'సేవా' (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం, యునిసెఫ్ కలిసి కొన్ని పల్లెల్లో ఒక్కొక్కరికీ నెలనెలా డబ్బిచ్చి చూశాయి. అక్కడ తిండి బాగుపడింది, పిల్లలు బడికి పోవడం పెరిగింది, కొంతమంది కూలి తగ్గించుకుని సొంత చెక్కలో సాగు చేసుకున్నారు.

అయినా మొగుడు లాక్కుని తాగే ఇల్లు నీ ఊళ్లోనూ ఉంటుంది. లేదని నేననను. అక్కడ చేయాల్సిన పని వేరు. ఖాతా ఆమె పేరున ఉంటే చాలదు. ఖాతాకి కట్టిన ఫోన్ నంబరు ఎవరిదో చూడు. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందో, పిన్ ఎవరికి తెలుసో కనుక్కో. మెసేజ్ మొగుడి ఫోనుకి వస్తే, డబ్బు పడిన సంగతి ఆమెకి తెలిసేటప్పటికే సగం అయిపోతుంది. నంబరు మార్పించడానికి ఆమెని ఒక్కదాన్నే బ్యాంకుకి పంపకు. సంఘం లీడరుని తోడు పంపు.

నెలనెలా వచ్చే డబ్బు పనిచేసే తీరు వేరు, ఏడాదికోసారి వచ్చేది పనిచేసే తీరు వేరు. మా వీధిలో ముసలమ్మ ఒకావిడ ఉంది. ఒకటో తారీఖున పింఛను నాలుగు వేలు, ఎనిమిది ఐదొందల నోట్లు, చేతిలో పడగానే అరుగు మీద కూర్చుని పంచుతుంది. రెండు చిల్లరకొట్టు ఖాతాకి. ఒకటి బీపీ, షుగరు మాత్రలకి. ఒకటి కొంగున ముడేసుకుంటుంది, అది ఎవరడిగినా ఇవ్వదు. మిగిలిన నాలుగూ కోడలి చేతిలో పెడుతుంది. కొట్టువాడు నెల మధ్యలో అప్పు పెట్టడానికి వెనకాడడు, ఎందుకంటే ఒకటో తారీఖు తప్పదని వాడికీ తెలుసు. కోడలు కూడా "అత్తా, కాఫీ తాగావా" అని అడుగుతుంది. ఆ ఇంట్లో ఆమె మాటకి విలువ పెరగడానికి ఆ ఎనిమిది నోట్లే కారణం. నువ్వు పింఛను పట్టుకుని వెళ్లినప్పుడు ఆమె చేతికే ఇచ్చి, ఆమె ముందే లెక్కపెట్టు. కొడుకు "నాకివ్వండి, నేనిస్తాలే" అంటే ఒప్పుకోకు.

వేలిముద్రలు పడని వాళ్లుంటారు. నాట్లు వేసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లు అవి. వాళ్లని నాలుగుసార్లు తిప్పుకోకుండా కళ్లతోనో ముఖంతోనో అయ్యే దారి చూడు. కొడుకుల దగ్గరికి చెన్నైకో బెంగళూరుకో పోయిన ముసలివాళ్లు ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెల కలిపి ఇచ్చే వెసులుబాటు ఉంది. ఆ సంగతి తెలీక, పింఛను పోతుందన్న భయంతో బస్సుచార్జీలు పెట్టుకుని వస్తుంటారు. వెళ్లేముందే చెప్పు.

ఏడాదికోసారి వచ్చేదానికి వేరే చిక్కులున్నాయి. తల్లికి వందనం 13 వేలు తల్లి ఖాతాలో పడ్డాయనుకో. "పిల్లల చదువుకిచ్చిన డబ్బుతో అప్పు తీర్చేసింది చూడండి" అని నీకు ఫిర్యాదు చేస్తారు. అప్పు తీర్చడం దుబారా కాదమ్మా. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 13 వేలు తీరిస్తే నెలకి 390 రూపాయల వడ్డీ మిగులుతుంది. ఏడాదికి 4,680. అది పిల్లల నోట్లోకి పోయే పాలు, కోడిగుడ్లే కదా. ఎవరైనా సలహా అడిగితే "ముందు ఎక్కువ వడ్డీ అప్పు తీర్చు, తర్వాతే మిగతావి" అని చెప్పు. అడక్కపోతే చెప్పకు.

అయితే ఒక కన్ను వేసి ఉంచాల్సిందొకటుంది. డబ్బులు పడే తేదీ ఊరికంటే ముందు వారం వారం కిస్తీలు వసూలు చేసేవాళ్లకి తెలిసిపోతుంది. ఆ రోజు పొద్దున్నే గుమ్మంలో ఉంటారు. పాత కిస్తీ కట్టించుకుని, వెంటనే అంతకంటే పెద్ద కొత్త లోను అంటగడతారు. సంఘం మీటింగులో ఈ మాట ముందే వేయి. సంఘం ద్వారా తక్కువ వడ్డీకి దొరికే లోను ఉండగా బయట సంతకం పెట్టొద్దని లీడరు చేత చెప్పించు. నువ్వు చెబితే గవర్నమెంటు మాట అవుతుంది, ఆమె చెబితే ఇంటి మాట అవుతుంది.

డబ్బు ఏ ఖాతాలో పడుతుందో చాలామందికి తెలీదు. ఆధార్ ద్వారా వచ్చే డబ్బు చివరిగా లింకు చేసిన బ్యాంకులో పడుతుంది. పొదుపు కోసం ఒకటి, గ్యాసు కోసం ఒకటి, ఉపాధి కూలి కోసం ఒకటి తెరిచి ఉంటారు. చేతిలో ఉన్న పాసుబుక్కులో పడలేదని ఏడుస్తుంటే డబ్బు ఇంకో ఖాతాలో ఉంటుంది. పథకం తేదీకి నెల ముందే ఎన్‌పీసీఐ లింకు, అంటే ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకి పోవాలో చెప్పే లింకు, దేనికి ఉందో చూసి, పాసుబుక్కు అట్ట మీద పెన్నుతో రాసిపెట్టు. బయోమెట్రిక్ మిషను పట్టుకుని డబ్బు తీసిచ్చేవాళ్లలో కొందరు యాభయ్యో వందో పట్టుకుంటారు. రసీదు అడగమని చెప్పు. మళ్లీ మళ్లీ జరిగితే బ్యాంకు మేనేజరుకి కాగితం మీద రాసివ్వు, నోటిమాట గాల్లో పోతుంది.

పేరు తీసేసిన వాళ్ల విషయంలో మాత్రం ఎంత ఓపిక పట్టినా తక్కువే. ఒకే మీటరు మీద ఇద్దరు అన్నదమ్ముల కాపురాలుంటాయి, కరెంటు 300 యూనిట్లు దాటిందని ఇద్దరి పిల్లల డబ్బూ ఆగిపోతుంది. పెళ్లై వెళ్లిపోయిన కూతురు ఇంకా పుట్టింటి మ్యాపింగులోనే, అంటే పుట్టింటి కుటుంబ జాబితాలోనే, ఉంటుంది. "అనర్హులు" అని కంప్యూటరు చూపించింది చదివి పంపేయకు. ఏ కారణానికి ఆగిందో, ఏ కాగితం తేవాలో చిన్న చీటీ మీద తెలుగులో రాసి చేతిలో పెట్టు. చదువురాని మనిషైనా ఆ చీటీ పట్టుకుని ఎవరి దగ్గరికైనా పోగలుగుతుంది.

నీ ఊరు డెల్టా కాబట్టి కౌలు రైతుల గురించి కాస్త ఎక్కువే రాస్తాను. రైతులకి పెట్టుబడి సాయమిచ్చే రైతు భరోసాని 2019 అక్టోబరులో మన కాకుటూరులోనే మొదలుపెట్టారు. అలాంటి సాయమే ఇచ్చే అన్నదాత సుఖీభవని 2025 ఆగస్టు 2న పక్క జిల్లా దర్శి దగ్గర వీరాయపాలెంలో మొదలుపెట్టారు. కేంద్రం ఇచ్చే 6 వేలతో కలిపి ఏడాదికి 20 వేలు. మంచిదే. కానీ నీ ఊళ్లో బురదలో దిగేది ఒకరైతే, పట్టాదారు పాసుబుక్కు నెల్లూరులోనో హైదరాబాదులోనో ఉన్న ఇంకొకరిది. డబ్బు పాసుబుక్కుని వెతుక్కుంటూ పోతుంది. కౌలుదారు ముందుగా కౌలు ఒప్పుకుని, అప్పు తెచ్చి ఎరువు వేసి, తుపాను వస్తే మునిగేది తానే. 2019 చట్టం ప్రకారం అతనికి 11 నెలల పంట సాగు హక్కు పత్రం ఇవ్వొచ్చు, కానీ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందని యజమానులకి భయం. ఆ పత్రంతో భూమి మీద ఏ హక్కూ రాదని అదే చట్టంలో ఉంది. ఇది వీఆర్వో, వ్యవసాయ సహాయకుడు చూడాల్సిన పని, నాకు తెలుసు. అయినా ఎవరి ఇంట్లో తిండికి ఇబ్బందో వాళ్లకంటే నీకే బాగా తెలుస్తుంది. పండక్కి యజమానులు ఊరికొచ్చినప్పుడు పెద్దమనిషి ఒకర్ని తోడు తీసుకెళ్లి, చట్టం కాపీ చూపించి మాట్లాడు. ఒకరిద్దరు పెడితే మిగతావాళ్లు మెత్తబడతారు.

చేపల వేట నిషేధం రోజుల్లో మత్స్యకారులకిచ్చే డబ్బు తీరంలో ఎందుకంత ఉపయోగపడుతుందో కూడా గమనించు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవలు ఒడ్డునే ఉంటాయి. 2025లో ఆ డబ్బు, 20 వేలు, ఏప్రిల్ నెలాఖరుకే ఇచ్చారు. అదే జులైలో వచ్చి ఉంటే, అప్పటికే పడవ మీదో వల మీదో అప్పు ఎక్కి ఉండేది. అందుకే జాబితా పని మార్చిలోనే ముగించమని మత్స్యశాఖ వాళ్లని వెంటపడు.

"పథకాలొచ్చి కూలోళ్లు దొరకడం లేదు" అని ఆసాములు నీతో అంటారు. వాదన పెట్టుకోకు, కానీ నమ్మకు కూడా. ఇంట్లో పది రోజులకి సరిపడా బియ్యం ఉన్న మనిషి, గిట్టని కూలికి రానని చెప్పగలుగుతుంది. ఇన్నాళ్లూ ఆ మాట చెప్పే వీలు ఆమెకి లేదు.

డబ్బుతో కానివి డబ్బుతో అవుతాయని మాత్రం ఎవరికీ ఆశ పెట్టకు. పీహెచ్‌సీలో డాక్టరు లేకపోతే పింఛను డబ్బంతా ఆటోకీ ప్రైవేటు ఆస్పత్రికీ పోతుంది. అలాంటివి కనబడితే గ్రామసభలో లేవనెత్తేటట్టు సంఘం ఆడవాళ్లకి చెప్పు.

వచ్చే నెల ఒకటో తారీఖు లోపు నీకు అప్పగించిన ఇళ్ల క్లస్టరులో వేలిముద్ర పడనివాళ్లవి, మీటరు చిక్కున్నవాళ్లవి, కౌలుకి చేస్తున్నవాళ్లవి పేర్లు ఒక నోటుబుక్కులో విడివిడిగా రాసుకో. ఆదివారం ఇంటికొచ్చినప్పుడు పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. ఎండలో తిరుగుతున్నావు, నీళ్ల సీసా మర్చిపోకు.

ఇట్లు,
మీ అత్తయ్య