మీ అత్తగారికి డాక్టర్ని చూసేముందు

అమ్మాయ్,

నీ మెసేజ్ రాత్రే చూశా, రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదని పొద్దున్నే కూర్చుని రాస్తున్నా. కూకట్‌పల్లికి మారి నెల కాలేదు, అప్పుడే మీ అత్తగారిని మూడు క్లినిక్‌లకి తిప్పావంటే నీ కంగారు తెలుస్తోంది. అన్నిటికీ ఆన్‌లైన్‌లో స్టార్లు బాగానే ఉన్నాయి పెద్దమ్మా, మంచి డాక్టరెవరో ఎలా తెలుస్తుంది అని అడిగావు. ఆ స్టార్లు తొందరగా చూసి పంపించారనీ, ఏసీ ఉందనీ ఇచ్చేవే ఎక్కువ తల్లీ. 31 ఏళ్లు గవర్నమెంట్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేశా, ఎంతోమంది డాక్టర్ల పక్కన నిలబడ్డా, నేను చూసేది ఒకటే, మందు రాసేలోపు ఆయన ఏమేం అడిగారు అని.

అన్నిటికంటే ముందు "ఇప్పుడు ఏం మందులు వాడుతున్నారు" అని అడగాలి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మీ పెదనాన్న సంగతి నీకు పూర్తిగా తెలీదు. నాలుగేళ్ల కిందట మోకాళ్ల నొప్పులని ఒక క్లినిక్‌కి వెళ్తే నొప్పి మాత్ర రాశారు, అప్పటికే ఆయన బీపీకి టెల్మిసార్టాన్, దాంతోపాటు నీరు పోయే మాత్ర వేసుకుంటున్నారు, అది వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. నెల తిరక్కుండా నడుం పట్టేసిందని ఇంకోచోటికి వెళ్తే ఇంకో నొప్పి మాత్ర. ఒకటి డైక్లోఫెనాక్, ఇంకోటి ఎసెక్లోఫెనాక్, పేర్లు వేరు గానీ రెండూ ఒకే జాతి మందులు, బీపీ మాత్రా నీరు మాత్రా వాడేవాళ్లకి వీటిని కలిపితే దెబ్బ పడేది కిడ్నీల మీదే. నేను అప్పుడు మా అమ్మాయి పురిటికని బెంగుళూరులో ఉన్నా, నర్సునై ఉండి కూడా ఇంట్లో మనిషిని చూసుకోలేకపోయానన్న బాధ నాకింకా పోలేదు. వచ్చేసరికి కాళ్లు వాచిపోయి ఉన్నాయి, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 2.1కి ఎక్కింది. మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు, బోర్డు మీద ఎంబీబీఎస్ తప్ప ఇంకేం లేదు, ఆయన ఇంట్లో ఉన్న మందులన్నీ కవర్లో వేసుకు రమ్మని టేబుల్ మీద బోర్లించి ఒక్కో స్ట్రిప్ వెనక చదివి రెండు కుప్పలు పెట్టారు, ఈ కుప్ప ఇంక ముట్టుకోకండి అన్నారు. ఇది నా ఒక్కడి వల్ల అయ్యేది కాదని కిడ్నీ డాక్టర్‌కి తనే ఉత్తరం రాసిచ్చి ఆరోజే పంపారు. రెండు నెలలకి 1.4కి దిగింది. ఇప్పటికీ ఆ వీధి చివర పెద్దాయనకే చూపిస్తున్నాం.

మీ అత్తగారికి బీపీ, షుగర్ రెండూ కదా, బీపీ ఎలా చూస్తున్నారో పక్కనే ఉండి గమనించు. మెట్లెక్కి ఆయాసంతో వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టేస్తే ఆ అంకెకి విలువ లేదు. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోవాలి, పాదాలు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, కాఫీ తాగి అరగంటైనా అవ్వాలి, జాకెట్ చెయ్యి మీద నుంచి కాకుండా ఒంటి మీద చుట్టాలి. ఇవేం లేకుండా ఒక్కసారి చూసి డోసు పెంచుతానంటే ఇంకోసారి చూడండి డాక్టరుగారూ అని అడుగు, దానికే విసుక్కునేవాళ్లు మనకొద్దు. షుగర్‌కి పరగడుపున ఒక్క టెస్టుతో ఊరుకోకుండా మూణ్నెల్ల సగటు తెలిసే హెచ్‌బీఏ1సీ రాయాలి, ఏడాదికోసారన్నా కళ్లు, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూపించమనాలి. చెప్పులు విప్పించి అరికాళ్లు చూశారా లేదా, అది మర్చిపోకుండా చూడు. స్పర్శ పోయిన కాలికి మేకు దిగినా తెలీదమ్మా, సర్జికల్ వార్డులో అలా వచ్చి కాలి వేళ్లు తీయించుకున్నవాళ్లని ఎంతమందిని చూశానో.

ఆవిడ నీరసమొస్తే గ్లూకోజ్ పెట్టించమంటున్నారని రాశావు. మనవాళ్లలో ఈ నమ్మకం చాలా ఉంది, సూది వేస్తేనే డాక్టర్, బాటిల్ ఎక్కిస్తేనే బలం. 5 శాతం గ్లూకోజ్ అరలీటరు బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చిన్న చెంచాలు, అది షుగర్ మనిషికి నరంలోకి ఎక్కించడం దేనికి చెప్పు. నోటితో తినగలిగి తాగగలిగినన్నాళ్లూ దాంతో పనిలేదని ఓపిగ్గా చెప్పి వెనక్కి పంపే డాక్టర్ దొరికితే వదులుకోవద్దు, ఎందుకంటే పెట్టేస్తే ఆయనకి డబ్బులొస్తాయి, అయినా పెట్టలేదు. జ్వరాలకీ అంతే, రెండో రోజే వైడాల్ అనే రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అనేసేవాళ్ల దగ్గర జాగ్రత్త, ఆ టెస్టు ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికీ పాజిటివ్ చూపిస్తుంది. వానాకాలం జ్వరమైతే డెంగ్యూ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప నొప్పి మాత్రలు ముట్టనివ్వకు.

చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, 2002 నుంచీ మెడికల్ కౌన్సిల్ రూలే అది. లేకపోతే అడుగు, తప్పేం లేదు.

ఇంక నువ్వు చెయ్యాల్సింది. ఒక ఫైలు పెట్టు, చీటీలూ రిపోర్టులూ తేదీల వరసలో, పైన ఒక కాగితం మీద వాడుతున్న ప్రతి మందు పేరు, డోసు, ఎప్పటినుంచి అని రాయి, ఆయుర్వేదం పొడులూ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవీ కూడా రాయి, దాచకు. అక్కడ ఆవిడ బదులు నువ్వు మాట్లాడకు, డాక్టర్ అడిగింది ఆవిడనే చెప్పనివ్వు. కోడలి ముందర మాత్ర మానేశానని చెప్పడానికి మొహమాటపడతారు, కాబట్టి ఒక ఐదు నిమిషాలు బయట కూర్చో, నాకు తెలిసి సగం నిజాలు అప్పుడే బయటికొస్తాయి. బయటికి వచ్చేముందు మాత్రం మీరిద్దరూ కలిసి ఏ మందు దేనికి, ఎన్నాళ్లు, ఏమైతే వెంటనే రావాలి అని అడిగి రాసుకోండి. అలా ఒకరు కుదిరాక కనీసం ఆరునెలలు వాళ్లనే పట్టుకో, తిరిగేకొద్దీ మొదటినుంచీ చెప్పుకోవడమే మిగులుతుంది.

ఆదివారం పదింటికి వీడియో కాల్ చెయ్యి, ఆవిడ మందుల కవరు ముందర పెట్టుకుని కూర్చో, ఒక్కో స్ట్రిప్ నాకు చూపిద్దువుగాని.

పెద్దమ్మ