తాడిపత్రిలో మాకు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. పర్యావరణానికి హాని తగ్గించాలంటే ముందు ఏం చేయాలి?

నీళ్లతో మొదలుపెట్టండి. అందరూ ముందు సోలార్ గురించే అడుగుతారు కానీ, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లాలో బోరు నీళ్లు పొదుపు చేయడమే పెద్ద పని. కోత మిషన్ల నుంచి వచ్చే బురద నీళ్లను వరుసగా రెండు మూడు తొట్లలోకి వదలండి. పొడి అడుగున పేరుకుంటుంది, పైన తేరిన నీళ్లను మళ్లీ మిషన్లకే పంపు చేయొచ్చు. త్వరగా తేరాలంటే కొంచెం పటిక వేయండి.

అడుగున మిగిలిన పొడిని దయచేసి వంకల్లో, రోడ్ల పక్కన పోయకండి. ఎండితే గాలికి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చేలల్లో పేరుకుంటే నేలలోకి నీరు ఇంకదు. నాపరాయి సున్నపురాయే కాబట్టి ఆ పొడి సిమెంటు తయారీకీ, ఇటుకలకూ పనికొస్తుంది. దగ్గర్లోని సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లతో మాట్లాడండి. గ్రానైట్ కూడా కోస్తుంటే రెండు పొడులనూ కలపొద్దు. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ, సున్నం చాలా తక్కువ. కలిస్తే సున్నపు పొడికి ఉన్న విలువ పోతుంది.

కరెంటు సంగతి ఆ తర్వాత. మళ్లీ మళ్లీ వైండింగ్ చేయించిన పాత మోటార్లను ముందు మార్చండి, రేకుల మీద సోలార్ తర్వాత పెట్టుకోవచ్చు.